ఉగాదికి తుడిచిన ఎల్బోలు

9 జూన్ 2025, సోమవారం

గఫూర్‌ను ఇవాళ పనిలోంచి తీసేశారు.

"తీసేశారు" అని రాసి ఆ మాట వంక కాసేపు చూశాను. షెడ్డు బోర్డు మీద పేరు నాది. సుందరి స్టీల్ ఫిట్టింగ్స్, మేడ్చల్. ప్రొప్రైటర్ బాలాత్రిపురసుందరి. ఆడవాళ్ల పేరు మీద పెడితే సబ్సిడీ వస్తుందని పదకొండేళ్ల కింద నా కూతురు రోజారాణి పెట్టించింది. అప్పటినుంచి నా ఉద్యోగం సంతకాలు పెట్టడం. తీసేసింది మాత్రం వాళ్లు: రోజారాణి, దాని కొడుకు అన్వేష్. నేను కుర్చీలో కూర్చుని ఉన్నాను, అంతే.

జరిగింది ఇది. ఏప్రిల్‌లో శామీర్‌పేట దగ్గరి పచ్చళ్ల ఫ్యాక్టరీకి ఉప్పునీళ్ల పైపులైను వేశాం. మామిడి ముక్కలు, చిన్న దోసకాయలు ఊరబెట్టే నీళ్లు. మామూలు స్టీలును, అంటే 304 అనే రకాన్ని, ఉప్పు కొరికేస్తుంది. అందుకని పైపులూ, వాటి మలుపుల్లో బిగించే ఎల్బోలూ అన్నీ 316 రకమే ఉండాలన్నారు. ఉన్నాయని నేను సంతకం పెట్టాను. రెండు నెలలు తిరగకుండానే ఎల్బోలకు సూదిమొనంత బెజ్జాలు పడ్డాయి.

ఆ ఫ్యాక్టరీలో మెయింటెనెన్స్ చూసే దేవేందర్ పొద్దున్నే వచ్చాడు. లోహం ఏ రకమో చెప్పే గన్ను ఏదో తెప్పించి ప్రతి ఎల్బోకూ ఆనించి చూశాడట.

"నలభై ఎల్బోలల్ల పదమూడు త్రీ నాట్ ఫోర్ ఎల్లినయమ్మా. మీ కాగితంల అన్ని త్రీ వన్ సిక్స్ అని ఉన్నది. కింద సంతకం మీదే."

"నాదే. చక్కగా కూడా ఉంటది" అన్నాను. ఎవరూ నవ్వలేదు.

అన్వేష్ గఫూర్ వైపు తిరిగాడు. ఇరవై నాలుగేళ్లవాడు, యాభై ఏళ్ల మనిషి వైపు. "రాక్‌లకెల్లి పీసు తీసేది నువ్వే, వెల్డింగ్ చేసేది నువ్వే. మంచివి బయట అమ్ముకొని ఇవి వెట్టినవ్. ఇంకెవరు మారుస్తరు?"

గఫూర్ నా వైపు చూశాడు.

"టీచరమ్మా, మీరు జెప్పుండ్రి."

"నాకేం తెలుసురా, సంతకం పెట్టుడు తప్ప" అన్నాను.

వెల్డింగ్ అద్దం చంకలో పెట్టుకుని వెళ్లిపోయాడు. నా దగ్గర తొమ్మిదో తరగతి దాకా చదివినవాడు. నన్ను ఏం చెప్పమన్నాడో నాకు బోధపడలేదు.

10 జూన్

బక్రీదుకు మాంసం తినని నాకోసం వాడి భార్య జహేదా పంపిన డబల్ కా మీఠా టిఫిన్ డబ్బా ఇంకా మా వంటింట్లోనే ఉంది. మూత మీద "గఫూర్ – జహేదా, 2003" అని పేర్లు కొట్టి ఉన్నాయి. ఖాళీ డబ్బా తిరిగి పంపకూడదు. ఏం పెట్టి పంపాలో తోచలేదు.

11 జూన్

304, 316. నిన్నంతా ఈ రెండు అంకెలే తలలో తిరిగాయి. ముప్పై రెండేళ్లు మేడ్చల్ సర్కారు బడిలో ఫిజికల్ సైన్సు చెప్పినదాన్ని, నాకే ఇంత గజిబిజిగా ఉంటే మిగతావాళ్ల గతి ఏమిటి?

తెలిసినంతవరకు రాసుకుంటాను. రెంటిలోనూ ఇనుము, క్రోమియం, నికెల్ ఉంటాయి. 316లో వాటికి తోడు పిసరంత మాలిబ్డినం కలుపుతారు. ఉప్పును తట్టుకునేది ఆ పిసరే. కంటికి మాత్రం రెండూ ఒకటే. తూచినా ఒకటే. నెత్తిన కొట్టుకున్నా ఒకటే మోత. ఏది ఏదో చెప్పేది ఎల్బో ఒంటి మీద నల్ల ఇంకుతో కొట్టిన అక్షరాలు, దాని వెంట వచ్చే కాగితం. అంతకుమించి ఏమీ లేదు.

లేదా అయస్కాంతం

అయస్కాంతం సంగతి వేరు. ఇక్కడ దాని అవసరం లేదు.

12 జూన్

నిద్ర పట్టక కాదు, ఊరికే, మార్చి నెల పేజీలు తిరగేశాను. మార్చి ముప్పై, ఉగాది నాడు ఇలా రాసుకున్నాను: "షెడ్డు అద్దంలా ఉంది. పచ్చడిలో వేపపూత ఎక్కువైంది. నడుము పట్టేసింది."

నడుము ఎందుకు పట్టేసిందో రాసుకోలేదు. ఉగాది పచ్చడి కలిపితే నడుము పట్టేయదు.

13 జూన్

షెడ్డు ఊడ్చే జంగమ్మను పిలిచి చాయ్ ఇచ్చాను. చాయ్ ఇస్తే మాట్లాడుతుంది. ఇవ్వకపోయినా మాట్లాడుతుంది, కానీ ఆలస్యంగా.

"జంగమ్మా, ఉగాదికి మనం షెడ్డులో ఏం చేసినమే?"

"ఏం జేసినమా? మస్తు జేసినం! నా సేతులు మూడు దినాలు మండినయ్. యాది లేదా అమ్మా?"

"దేనికి మండినయ్?"

"థిన్నర్‌కు. రేకులకు రంగేసెటోళ్లు బొట్లు బొట్లు వడేసిపోయిరి. పండుగ పూట సామాను గిట్ల మరకలతోని ఉంటదా, గిన్నెలోలె మెర్వాలె అంటివి. ఎల్బోలన్ని కిందికి దింపి తుడ్వమంటివి. గా నల్ల అచ్చరాలు గూడ పోయెదాంక తుడ్వమంటివి."

"అక్షరాలు తుడవమన్లేదు నేను."

"మరక అంటే మరకనే గదమ్మా. నాకు సదువొస్తదా ఏంది, ఏది అచ్చరమో ఏది మరకనో?"

రాసుకునే అలవాటు లేనివాళ్లకు జ్ఞాపకశక్తి ఎక్కువ. నాకు రాసుకునే అలవాటు ఉంది.

14 జూన్, శనివారం

అన్వేష్‌ను అడిగాను, "ఆ 304 రాక్ ఎవరన్నా చూసినార్రా?"

"దాన్ల ఏం జూడాలె అమ్మమ్మా? దాన్ల ఉన్నయి త్రీ నాట్ ఫోర్."

"ఎట్ల తెలుసు?"

"రాక్ మీద రాసి ఉన్నది గద."

ఇంజనీరింగ్ చదివాడు.

కానీ నా తల అక్కడే ఆగిపోయింది. గఫూర్ మంచివి అమ్ముకుని ఉంటే అవి ఈపాటికి ఏ బాలానగర్‌లోనో ఉండాలి. అమ్ముకోకుండా, ఊరికే తారుమారై ఉంటే, అవి ఆ పక్క రాక్‌లోనే ఉండాలి. చూస్తే తేలిపోతుంది. పదిమందిని అడగనక్కర్లేదు.

మరి చూడటానికి నాకేం అడ్డం?

గన్ను లేదు కదా. అదీ అడ్డం.

16 జూన్, సోమవారం

డబ్బాలో సకినాలు పెట్టుకుని శామీర్‌పేటలో గఫూర్ ఇంటికి వెళ్లాను. షేర్ ఆటోలో నా పక్కన ఒక మేక. దాని మర్యాద నాకు నచ్చింది, దాని యజమానిది నచ్చలేదు.

జహేదా కుర్చీ వేసింది, నీళ్లిచ్చింది. తను మాత్రం గడప అవతలే నిలబడింది. గఫూర్ లేడు.

"కుత్బుల్లాపూర్ వోయిండు పనికోసం. నిన్న బొల్లారం వోయిండు. మొన్న జీడిమెట్ల. యాడికి వోయినా ఒకటే అడుగుతున్నరంట టీచరమ్మా, పీసులు మార్చెటాయన నువ్వేనా అని. పచ్చళ్ల ఫ్యాక్టరీ గేటుకాడ ఆయన పేరు కాగితం మీద రాసి అతికిచ్చిన్రు, లోపలికి రానియ్యొద్దని. ముప్పై ఏండ్లాయె ఈ పని వట్టి. ఎన్నడన్న ఒక నట్టు జేబుల ఏస్కున్నడా?"

"లేదమ్మా."

"మరి గా మాట ఆ దినం అనకపోతిరి?"

నేను డబ్బా ముందుకు జరిపాను. ఆమె మూత మీది పేర్లు చూసింది, తీసుకోలేదు.

"మీకాడనే ఉండనియ్యుండ్రి. మాట తేలినంక తీస్కుంట."

తిరుగు ఆటోలో సకినాలు నేనే తిన్నాను. రెండు. మిగతావాటి మీద మూత పెట్టేశాను, నువ్వులు ఎక్కువయ్యాయి.

17 జూన్

దేవేందర్‌కు ఫోన్ చేసి, గన్ను లేకుండా 316ను పట్టుకునే ఉపాయం ఉందా అని అడిగాను. ఎందుకన్నాడు. ఇంట్లో గిన్నెలు చూసుకుంటానన్నాను. "చుక్క మందు దొరుకుతది అమ్మా" అని పేరు చెప్పాడు. అన్వేష్ చేత ఫోన్‌లో ఆర్డర్ పెట్టించాను. వాడికీ గిన్నెలనే చెప్పాను.

ఒక అబద్ధానికి రెండుసార్లు వాడుక ఉంటే అది పొదుపు.

19 జూన్, గురువారం

చుక్క మందు వచ్చింది. వేలెడంత సీసా, చిన్న బ్యాటరీ, రెండు తీగలు. స్టీలు మీద చుక్క వేసి తీగ ఆనించాలి. మాలిబ్డినం ఉంటే చుక్క ముదురు గోధుమరంగుకు తిరుగుతుంది. లేకపోతే లేత పసుపుగానే ఉంటుంది.

రిటైరైన పదహారేళ్లకు మళ్లీ చేతిలోకి ప్రయోగం వచ్చింది. ముందు ఇంట్లో మొదలుపెట్టాను. పప్పు గిన్నె: పసుపు. ఇడ్లీ కుక్కర్: పసుపు. నేను రిటైరైనప్పుడు బడివాళ్లు "ప్రేమతో" అని కొట్టించి ఇచ్చిన పళ్లెం: పసుపు కూడా సరిగ్గా రాలేదు, అదేం లోహమో, ప్రేమ సంగతి సరే. గఫూర్ డబ్బా: పసుపు. గరిటెలు, చెంచాలు, పూజ గంట పక్కనున్న చిన్న కలశం. ఇల్లంతా వెతికినా 316 లేదు.

రోజారాణి గుమ్మంలో నిలబడి చూసింది. "అమ్మా, ఏం వెతుకుతున్నవే?"

"ఏం లేదు. నువ్వు పో."

షెడ్డుకు వెళ్లే వీలు ఇవాళ కుదరలేదు.

20 జూన్

ఇవాళా కుదరలేదు.

21 జూన్, శనివారం

కుదిరింది. రోజారాణి, అన్వేష్ ఏదో పని చూడటానికి కీసర వెళ్లారు. జంగమ్మ 304 రాక్‌లోంచి ఒక్కొక్క ఎల్బో తీసి ఇచ్చింది, నేను చుక్క వేశాను.

ఒకటి, పసుపు. రెండు, పసుపు. మూడు, నాలుగు, ఐదు, ఆరు. అన్నీ పసుపే. అవి 304 రాక్‌లోని 304లు, అలాగే ఉండాలి. అన్నీ అలాగే ఉంటే తప్పు నా దాకా రాదు. అప్పుడు గఫూర్ దొంగ. చేతిలో సీసా పట్టుకుని కూర్చున్నాను. చుక్క పసుపుగానే ఉండాలని మొక్కుకుంటున్నానా, తిరగాలని మొక్కుకుంటున్నానా? నిజంగా తెలియలేదు. డెబ్బై నాలుగేళ్లు వచ్చాయి, నాకేం కావాలో నాకు తెలియకపోవడం ఇదే మొదలు.

ఏడోది తిరిగింది.

ముందు అంచున, తర్వాత నడుమ. టీ డికాక్షన్ రంగు. జంగమ్మ వంగి చూసి, "ఇదేందమ్మా, తుప్పు వట్టిందా?" అంది.

"కాదు. ఇది మంచిది."

"మంచిదైతె మొకం గట్ల వెట్టినవేంది?"

అన్నీ చూసేసరికి 304 రాక్‌లో పదహారు 316లు దొరికాయి. గఫూర్ ఏదీ అమ్ముకోలేదు. అవి ఉగాది నుంచీ ఆ రాక్‌లోనే ఉన్నాయి.

నేను వాటిని ఎక్కడ పెట్టానో అక్కడే.

22 జూన్, ఆదివారం

ఇగ రాయాలి. ఈ డైరీ నేను తప్ప ఎవరూ చదవరు. నేను చదువుతాను కాబట్టే ఇన్నాళ్లు రాయలేదు.

మార్చి ఇరవై తొమ్మిది, శనివారం. ఉగాది ముందురోజు. గఫూర్ రంజాన్ చివరి ఉపవాసాలకు సెలవులో ఉన్నాడు. రోజారాణి, అన్వేష్ బంధువులింటికి వెళ్లారు. రంగులు వేసినవాళ్లు పని ముగించి వెళ్లాక చూస్తే ఎల్బోల మీద నీలం బొట్లు. పండుగకు వంటింట్లో సామానంతా దింపి తోమిన చేయి ఊరుకుంటుందా? జంగమ్మ చేత తుడిపించాను. జంగమ్మ తుడిచినవన్నీ ఒకే టార్పాలిన్ మీద ఆరేసింది, 304లూ 316లూ కలిపి, మా ఇంటి గిన్నెలు ఆరేసినట్టే. తిరిగి సర్దుదామని చూస్తే ఒక్కదాని ఒంటి మీదా అక్షరం లేదు. నూటపాతిక ఎల్బోలు, అన్నీ అద్దంలా ఉన్నాయి.

అప్పుడు చేయవలసింది ఒక ఫోన్. చేయలేదు. పండుగ పూట ఎవరినీ విసిగించకూడదని కాదు. "అమ్మమ్మకు ఏం తెల్వదు, ఊరికే సంతకం వెడ్తది" అని అన్వేష్ ఎవరితోనో అనగా అంతకు వారం ముందే విన్నాను.

గోడకు నా అయస్కాంతం ఉంది. గుర్రపునాడాలా ఉండే బడి అయస్కాంతం. ల్యాబ్‌లో పాతసామాను తీసేసినప్పుడు తెచ్చుకున్నాను. షెడ్డు తెరిచిన రోజు నేనే మేకుకు వేలాడదీసి అందరికీ పాఠం చెప్పాను, "మంచి స్టీలుకు ఇది అంటుకోదు" అని. షెడ్డులో అదే వేదమైంది. సరే, పీట వేసుకుని కూర్చున్నాను. కొద్దిగా పట్టుకున్నవి మామూలువి అనుకుని 304 రాక్‌లో పెట్టాను. పట్టుకోనివి 316 రాక్‌లో. రెండు గంటలు. ఎంత సంతోషంగా ఉండింది! ఇన్నాళ్లకు నా చదువు షెడ్డుకు పనికొచ్చిందనుకున్నాను. నడుము అందుకే పట్టేసింది.

ఏప్రిల్ మూడు, గఫూర్ పనిలోకి వచ్చాడు. రాక్ ముందు నిలబడి ఒక ఎల్బోను తిప్పి తిప్పి చూశాడు.

"టీచరమ్మా, అచ్చరాలేవి?"

"తుడిపించినాను. నేనే చూసి వేరు చేసి పెట్టినాను. నువ్వు బిగించు."

"దేంతోని జూసిన్రు?"

"నేను చెప్తే నమ్మవారా?" అన్నాను.

తల ఊపి పనిలోకి వెళ్లాడు. ఆనాటి పేజీలో నేను రాసుకున్నది ఇంతే: "గఫూర్ వచ్చాడు. ఏదో అడిగాడు."

"మీరు జెప్పుండ్రి" అని మొన్న వాడు అడిగింది ఇదే. నాకు బోధపడలేదని తొమ్మిదో తారీకున రాశాను. బోధపడింది.

23 జూన్, సోమవారం

చెప్పేశాను. పదహారు ఎల్బోలు టేబుల్ మీద పెట్టి, చుక్క వేసి చూపించి, అంతా చెప్పాను. అన్వేష్ ముందు నవ్వాడు, తర్వాత తలుపు వేశాడు.

"అమ్మమ్మా, ఇది బయటికి వద్దు."

"ఎందుకు?"

"మనిషి తప్పు జేసిండంటే మనిషిని తీసేసినం, అయిపాయె. షెడ్డు తప్పు జేసిందంటే ఇగ ఎవ్వడు ఆర్డరియ్యడు. గఫూర్ కాకకు ఏదో ఒకకాడ పని దొరుకుతది. దొరికిందంట గూడ, కుత్బుల్లాపూర్‌ల. ఇప్పుడు లేపుడెందుకు?"

"ఏం పని దొరికింది?"

"గ్రైండింగో ఏందో."

ముప్పై ఏళ్ల వెల్డర్. అంచులు అరగదీస్తున్నాడు. వాడి వెల్డింగ్ అతుకు వేలితో తడిమితే తెలియదు, కళ్లతో చూస్తేనే తెలుస్తుంది.

"రోజా, నువ్వేమంటవ్?"

"నాకేం అర్థమైతలేదమ్మా. వాడన్నది తప్పే. కానీ వాడన్నట్టే అయితది."

"బోర్డు మీద పేరెవరిదే?"

"నీదే. కానీ అది..."

"కానీ వద్దు. పదకొండేండ్లు చదవకుండ సంతకం పెట్టినాను. ఇగ చదివి పెడ్త."

గొంతు బాగానే లేచింది. ఇంటికొచ్చాక ఆలోచన మొదలైంది. అన్వేష్ అన్నట్టే షెడ్డు మూతపడితే? వాడి ముఖం చూశాను, వాడు చెడ్డవాడు కాదు, భయపడ్డాడు. మరి నేను? మంచిదాన్నా, ఆలస్యంగా భయపడ్డదాన్నా? తెలియదు.

24 జూన్, మంగళవారం

పదహారు ఎల్బోలు బియ్యం సంచిలో వేయించుకుని పచ్చళ్ల ఫ్యాక్టరీకి వెళ్లాను. రోజారాణి తోడు వచ్చింది. నేను అడగలేదు.

దేవేందర్ అన్నీ విన్నాడు. ఒక ఎల్బో మలుపు మీద వేలు పెట్టాడు.

"అమ్మా, వంచినకాడ అయస్కాంతం ఏ స్టీలుకన్న కొద్దిగ వడ్తది. వంచినంక మంచిగ కాల్చి సల్లార్చిన పీసుకు వట్టది. గంతే. ఇనుమా స్టీలా అంటె అయస్కాంతం జెప్తది. ఏ స్టీలు అంటె అది జెప్పది. గీ పరీక్ష మీకెవరు నేర్పిన్రు?"

"ఒక టీచరు" అన్నాను. "రిటైరైంది."

ఆయన రోజారాణి వైపు చూశాడు. అది నేల చూసింది.

పదమూడు ఎల్బోలూ మీరే మార్చాలన్నాడు. మారుస్తామంది రోజారాణి. ఇకమీదట మీ కాగితం నేను నమ్మను, ప్రతి పీసుకూ నా గన్ను పెడతానన్నాడు. పెట్టమన్నాను. నమ్మకపోవడమే మంచి అలవాటు, నాకు లేట్‌గా తెలిసింది.

వచ్చేటప్పుడు గేటు దగ్గర ఆగి, గఫూర్ పేరున్న కాగితం నేనే గోళ్లతో గీకి తీశాను. సెక్యూరిటీ అతను వద్దంటూనే తడిగుడ్డ ఇచ్చాడు.

26 జూన్, గురువారం

షెడ్డు లెటర్‌హెడ్ మీద నా చేత్తో ఉత్తరం రాశాను. మూడుసార్లు చించాను. మొదటిదాంట్లో "పొరపాటు జరిగింది" అని రాశాను. ఎవరో దారిన పోతుంటే దానంతట అది జరిగినట్టు. నాలుగోదాంట్లో "నేను చేశాను" అని రాశాను.

రోజారాణి కుత్బుల్లాపూర్ తీసుకెళ్లింది. గఫూర్ ఒక ఇరుకు షెడ్డులో, ముక్కుకు గుడ్డ కట్టుకుని గ్రైండింగ్ చేస్తున్నాడు. నన్ను చూసి మిషన్ ఆపాడు. గుడ్డ తీయలేదు.

"ఏరా, బాగున్నవా?"

"ఉన్న టీచరమ్మా. మీకు గీ దుమ్ము పడది. దూరం నిలవడుండ్రి."

చెప్పాను. మధ్యలో ఆపకుండా విన్నాడు.

"నేను ఆ దినం అడిగిన. అచ్చరాలేవి అని."

"అడిగినవ్."

"దేంతోని జూసిన్రు అని గూడ అడిగిన."

"అడిగినవ్ రా."

"నమ్మవా అన్నరు. నమ్మిన. గది నా తప్పు. గంతవరకు నేను ఒప్పుకుంట. మా నాయిన చెప్పినా మల్ల జూస్కునేటోన్ని, మీరు జెప్తె జూస్కోలె." గుడ్డ అప్పుడు తీశాడు. "కానీ మొన్న అందరి ముంగట నాకేం తెలుసురా అంటిరి జూడుండ్రి. గది నేను తియ్యలేకపోతున్న టీచరమ్మా. ఈడకెల్లి."

గుండె మీద చేయి పెట్టుకున్నాడు. ఉత్తరం ఇచ్చాను. పెదవులు కదుపుతూ మెల్లగా చదివాడు. మడిచి మళ్లీ నా చేతికే ఇచ్చాడు.

"ఇది ఇంకు. థిన్నర్‌తోని తుడిస్తె పోతది. కొట్టి ఇయ్యుండ్రి."

"ఏంది కొట్టుడు?"

"స్టీలు మీద. గిన్నెల మీద పేరు కొట్టినట్టు. అందరు జూసేకాడ వెట్టుండ్రి. అప్పుడు పచ్చళ్ల ఫ్యాక్టరీ ఎల్బోలు నేనే మారుస్త. పని మీకోసం కాదు. ఆ లైను నా చేతి లైను, అది కారొద్దు."

28 జూన్

మేడ్చల్ బజార్లో స్టీలు సామాను అమ్మే మైసయ్య దగ్గర పేర్లు కొట్టే కరెంటు పెన్ను అద్దెకు అడిగాను.

"ఎవరిదన్న పెండ్లా టీచరమ్మా? నేనే కొట్టిస్త, పక్కకు రెండు పూలు గూడ ఏస్త."

"పూలు వద్దు. నేనే కొట్టుకుంట."

"ఎంతమందికి వెడ్తున్నరు?"

"ఒక్కరికి."

పెన్ను తేనెటీగలా గుంయ్‌మంటుంది. చేయి వణికితే అక్షరం వణుకుతుంది. ముందు ఎల్బోల మీద నేర్చుకున్నాను. చుక్క వేసి, రంగు చూసి, 316, 316, 304, 316. ఇవాళ యాభై రెండు. ఇకనుంచి మా షెడ్డులోకి వచ్చే ప్రతి పీసుకూ ఇంతే. అన్వేష్ కాసేపు చూసి, పీట తెచ్చి పక్కన కూర్చుని చుక్కలు వేయడం మొదలుపెట్టాడు. వాడు రెండోసారి సీసా మూత పెట్టడం మర్చిపోతే బడిలోలా కేకేశాను.

30 జూన్, సోమవారం

జానెడు వెడల్పు రేకు ముక్క మీద కొట్టాను:

"2025 ఉగాదికి ఎల్బోల మీది అక్షరాలు తుడిపించింది, రకాలు కలిపింది నేను. గఫూర్ కాదు. అతను అడిగాడు, నేను వినలేదు. బాలాత్రిపురసుం"

రేకు అయిపోయింది. మా నాయిన ఇంత పేరు పెట్టినప్పుడు కూతురు దాన్ని స్టీలు మీద కొట్టుకోవలసి వస్తుందని అనుకుని ఉండడు. "దరి" కిందికి వంచి అంచున ఇరికించాను. మేకు మీదినుంచి అయస్కాంతం తీసి అక్కడ ఈ రేకు వేలాడదీశాను.

గఫూర్ పదకొండింటికి వచ్చాడు. షెడ్డులో అందరూ చేతుల్లో పని ఆపి చూస్తున్నారు. వాడు రేకు దగ్గరికి వెళ్లి చదివాడు. పైనుంచి కిందికి, వంగి ఆ "దరి" దాకా. తర్వాత టేబుల్ మీది చుక్క మందు తీసుకుని రేకు మూలన ఒక చుక్క వేసి తీగ ఆనించాడు. నా ఉత్తరం మీద పరీక్ష!

పసుపు.

"త్రీ నాట్ ఫోర్" అన్నాడు.

"చాలదారా?"

మెల్లగా తుడిచాడు. "షెడ్డుల ఉప్పెక్కడిది టీచరమ్మా. ఉంటది."

సాయంత్రం పచ్చళ్ల ఫ్యాక్టరీ ఎల్బోలు బండిలో ఎక్కించుకున్నాడు. ఒక్కొక్కటీ ఎత్తి, నేను కొట్టిన అంకె చూసి, మళ్లీ తన చుక్క వేసి చూసుకుని మరీ ఎక్కించాడు. అన్నిటికీ. నేను అడ్డం చెప్పలేదు. బండి ఎక్కేముందు టిఫిన్ డబ్బా చేతికిచ్చాను. ఊపి చూశాడు. లోపల సకినాలు, వాటి పైన గుడ్డలో చుట్టిన అయస్కాంతం.

"ఇది నాకెందుకు?"

"పారేయడానికి నాకు చేతులొస్తలేవు. నువ్వు పారెయ్."

పారేయలేదు. డబ్బా అడుగు వంపుకు ఆనించి వదిలాడు. కొద్దిగా పట్టుకుంది, పడిపోలేదు. చదునైన మూతకు ఆనించాడు. జారిపోయింది. అదే డబ్బా, అదే స్టీలు.

"వంచినకాడ" అన్నాడు గఫూర్, మొదటిసారి నవ్వుతూ, "పడ్తది."